శ్రుతి కలిపిన పెట్టె

రమణమూర్తి చనిపోయిన ఆదివారం, యారాడ ఒడ్డున అతని అకార్డియన్ పెట్టె సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. వాయిస్తూ వాయిస్తూ అతను పక్కకి ఒరిగిపోతే మొదట అందరూ నవ్వారు. అదీ పాటలో భాగమే అనుకున్నారు. ఆ పాటలో అలాంటివి చాలా ఉండేవి. జాలరి గురువులు మాత్రం వల తాడు వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. నలుగురు పట్టి నులకమంచం మీద పడుకోబెట్టి కొండదారి ఎక్కించారు. ఆస్పత్రికి చేరేసరికి డాక్టరు చెయ్యడానికి ఏమీ మిగల్లేదు.

పెట్టె గాలితిత్తి తెరుచుకుని ఇసకలో అలాగే ఉండిపోయింది. సాయంత్రం పోటు వచ్చి దాని అడుగు తడిపింది. గురువులు భార్య పాపాయమ్మ చూసి, గోనెపట్టా కప్పి ఇంటికి మోసుకుపోయింది.

మర్నాడు గురువులు దాన్ని భుజాన వేసుకుని, పడవలో ఛానల్ దాటి, వన్ టౌన్లో రమణమూర్తి ఇంటికి తెచ్చాడు. గడప దాటలేదు. "అమ్మా, పెట్టి తెచ్చినాను" అన్నాడు. రమణమూర్తి భార్య గౌరీశ్వరి గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. తల ఊపింది. అతను దాన్ని అరుగు చివర దించి, కాసేపు నిలబడి వెళ్లిపోయాడు.

మైల రోజుల్లో ఇంట్లో వాద్యం పలకకూడదు. అత్తగారు చిలకమ్మ పెట్టె మీద పాత దుప్పటి కప్పింది. ఆ వారం వాయుగుండం పట్టింది. జల్లు అరుగు మీదికి కొడుతూనే ఉంది. పెట్టెని లోపలికి జరపాలని ఇంట్లో ఎవరికీ తోచలేదు.

పన్నెండో రోజు అయిపోయి, చుట్టాలు వెళ్లిపోయాక సత్యం వచ్చాడు. పోర్టు వర్క్‌షాపులో రమణమూర్తితో కలిసి పనిచేసేవాడు. చుట్టరికం లేకపోయినా 'బావా' అనే పిలిచేవాడు. ఆ లెక్కన గౌరీశ్వరి అక్క అయింది. అరుగు మీద చెప్పులు విడిచి, దుప్పటి కప్పిన పెట్టె వైపు చూసి, లోపలికి వచ్చి పీట మీద కూర్చున్నాడు.

"అక్కా, రేడియో నరసింహమూర్తి గారు కబురెట్టినారు. వచ్చే శనివారం యారాడ వత్తానంటన్నారు. బావ ఉన్నప్పుడు అనుకున్నదే గదా. ఏటి సెప్పమంటావు?"

"ఏం చెప్పాలనుకున్నావు?"

"ఒగ్గీండి బాబూ, ఇంక రావద్దు, మనిసే నేడని సెప్పీడానికే బయల్దేరినాను. దారిలో మనసొప్పనేదు."

సత్యం అరచేతులు ఒకదానికొకటి రుద్దుకున్నాడు. గ్రీజు మరకలు గోళ్ల సందుల్లో నల్లగా ఉన్నాయి.

"ఆ పాట బావ ఏ కాయితం మీదా పెట్టనేదక్కా. బావకి తెలుసు, నాకు తెలుసు, గురువులుకి తెలుసు. బావ ఎల్లిపోనాడు. గురువులు ముసిలోడైపోనాడు. నన్ను పరదీప్ పోర్టుకి పంపుతారంటన్నారు. ఒక్కసారి టేపులోకి ఎక్కిందంటే ఉంటాది. నేదంటే ఇంక నేదంతే."

"నువ్వు వాయించగలవా?"

"బావలాగ ఏటి వాయిత్తాను. కానీ ఆ పాటకి మూడేళ్లు పక్కన కూకుని లంగరు గొలుసు లాగినాను. బావ సెయ్యి విరిగినప్పుడు నానే గదా వాయించినాను. తప్పుల్లేకండా వాయిత్తానక్కా. అంతవరకూ నమ్ము."

ఆమె లేచి వంటింట్లోకి వెళ్లింది. టీ గ్లాసు తెచ్చి అతని ముందు పెట్టింది. "రమ్మని చెప్పు" అంది.

సత్యం గ్లాసు పట్టుకుని తల దించుకున్నాడు. కళ్లు తుడుచుకోవడం కనపడకుండా టీ ఊదాడు. తరవాత నవ్వు తెచ్చుకున్నాడు. "లూయీ దొర సెప్పీవోడు. ఆళ్ల కొండల్లో ఈ పాటలు ఇలాగ ఇరగ్గొట్టి వాయిత్తే, ఆళ్ల ఊరోలే బంగాళదుంపలు ఇసిరినారంట. మనోలు నయం. యారాడలో పాపాయమ్మ తిట్టి ఊరుకుంటాది."

లూయీ దొర ఆస్ట్రియా వాడు. పోర్టులో యంత్రం బిగించడానికి వచ్చి, రెండేళ్లుండి, పోతూ పోతూ తన పెట్టెని రమణమూర్తి చేతిలో పెట్టాడు. దాంతోపాటు ఒక అలవాటు కూడా అంటించి పోయాడు. ఆ కొండల్లో పశువుల కాపరులు ఈ కొండ మీంచి ఆ కొండకి కేక వేసి, జవాబు కోసం ఆగుతారట. దొరా, అతని స్నేహితులూ ఆ పాటల్ని తీసుకుని, కేకలు తగ్గించి, ఆగడాన్ని పెంచారు. మధ్యలో ఇనప చప్పుళ్లు పెట్టారు. పెట్టె చేత గాలి పీల్పించారు, స్వరం లేకుండా. రమణమూర్తి దాన్ని యారాడ తీసుకుపోయాడు. అక్కడ కొండ ఉంది. ఒడ్డున నిలబడి వల లాగేవాళ్లకి కేక అందించే గురువులు ఉన్నాడు. లంగరు గొలుసు ముక్క సత్యం తెచ్చాడు.

గౌరీశ్వరి ఆ పాట పూర్తిగా ఎప్పుడూ వినలేదు. ఆమె మునిసిపల్ బాలికల హైస్కూల్లో సంగీతం పంతులమ్మ. సాయంత్రాలు తలుపు అవతల అది మొదలవగానే ఆమె తంబురా తీసుకుని లోపలి గదిలో కూర్చునేది. "ఆ పెట్టెకి శ్రుతి లేదండీ" అని ఒకటి రెండుసార్లు అంది. అతను నవ్వి, తలుపు దగ్గరగా వేసుకునేవాడు.

సత్యం వెళ్లాక ఆమె అరుగు మీదికి వచ్చి దుప్పటి తీసింది. పెట్టె కొయ్య ఉబ్బింది. ముందువైపు ముత్యపు చిప్పతో పొదిగిన కొండపువ్వు మీద ఇసక పేరుకుంది. కొంగుతో తుడిచింది. ఒళ్లోకి తీసుకుని, తోలుపట్టీ భుజానికి తగిలించుకుని, తిత్తి సాగదీసింది. అది చెమ్మ వాసన వేసింది. కొన్ని బొత్తాలు నొక్కితే గాలి తప్ప ఏమీ రాలేదు. కొన్ని పలికాయి. పలికిన ప్రతి బొత్తాంలోనూ రెండు గొంతులు వినపడ్డాయి, ఒకటి రెండోదానికి కొంచెం పైన. రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూ వణికాయి.

ఉప్పునీళ్లు తాగి పాడైపోయింది అనుకుంది. ఇదివరకూ ఇలాగే ఉండేదా? ఉండేదనే గుర్తు. ఇంతలా ఉండేదా? చెప్పలేకపోయింది.

కురుపాం మార్కెట్ వెనక సందులో వీర్రాజు కొట్టు ఉంది. నాటకాల వాళ్ల హార్మణీలు, భజన సమాజాల హార్మణీలు అతనే బాగుచేస్తాడు. గౌరీశ్వరి బళ్లో హార్మణీ కూడా ఏడాదికోసారి అతని చేతికే వస్తుంది. ఆమెని చూడగానే లేచి, స్టూలు మీది రీడ్లు పక్కకి తీసి, తుడిచి కూర్చోమన్నాడు. రమణమూర్తి గురించి ఏమీ అడగలేదు. "తెలిసిందమ్మా" అన్నాడు, అంతే.

పెట్టెని బల్ల మీద పెట్టుకుని చుట్టూ చూశాడు. "ఇది దొరల హార్మణీ. నా సేతికి ఇలాంటిది ఎప్పుడూ రానేదు. తిత్తి మడతలు సూడండి, ఏం పనితనమో." మేకులు ఒక్కొక్కటే తీసి గిన్నెలో వేశాడు. తిత్తిని కొయ్య నుంచి విడదీసి లోపలికి తొంగి చూశాడు. బొత్తానికి రెండేసి చొప్పున వరసలుగా రీడ్లు, మైనంతో అతికించి ఉన్నాయి. గాలి ఆపే తోలుముక్కలు ముడుచుకుపోయాయి. రీడ్ల ఉక్కు నాలికల మీద ఎర్రటి తుప్పు.

"ఉప్పు తినేసింది" అన్నాడు. "ఆరలేదు గదా. ఏటి సేత్తాం. బాగైపోద్ది, బెంగెట్టుకోకండి."

నోటితో ఒక రీడు ఊదాడు. మళ్లీ ఊదాడు. కళ్లజోడు పైకి తోసుకుని నవ్వాడు.

"ఒలమ్మో, ఒక్క బొత్తానికి ఇద్దరు మాటాడతన్నారు. మొగుడూ పెళ్లాం తగువులాగుంది."

గౌరీశ్వరికి నవ్వొచ్చింది. ఇన్ని రోజుల తరవాత అదే మొదటిసారి. నవ్వి, వెంటనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఉప్పునీళ్ల వల్లేనా?"

"నీళ్లకి తుప్పొత్తాది. కొంచెం దిగిపోద్ది. అయితే ఇది..." ఇంకో రెండు రీడ్లు ఊదాడు. పై వరసలోది ఒకటి ఊదాడు. "ఇదేటో గానమ్మా, అన్నిట్లోనూ పైనాలిక అదే తీరున ఎక్కువుంది. తప్పయితే ఒకటి అటూ ఒకటి ఇటూ ఉండాల గదా. అన్నీ ఒకేలాగ తప్పడం ఏటో."

ఆమె ఆ మాట విన్నది. బయట సందులో తోపుడుబండి అడ్డం పడి, వెనక ఆటో వాడు హారన్ కొడుతున్నాడు. వీర్రాజు రీడు పట్టుకుని ఆమె చెప్పేదాని కోసం ఆగాడు.

"కలిపెయ్యండి" అంది. "రెండూ ఒక్కటిగా పలకాలి. శనివారం రేడియోకి వాయిస్తారు. ఆయన పేరు చెబుతారు. ఎవరూ శ్రుతి లేదని అనకూడదు."

"అలాగేనమ్మా."

ఆమె లేవబోతుంటే అతను ఆపాడు. "నా శ్రుతిపెట్టి నాటకమోలు పట్టుకుపోనారు, భీమిలీ. మీరు కాసేపుండి గొంతివ్వగలరా? కిందినాలిక మీరు అందుకుంటే పైదాన్ని నాను దానికి దించుతాను. మీ ఇంటాయన పెట్టి. మీ గొంతుకే కలుద్ది."

ఆ సాయంత్రమూ, ఆ తరవాత రోజుల్లోనూ బడి అయిపోగానే ఆమె తిన్నగా కొట్టుకే వెళ్లింది. వీర్రాజు ముందు కిరసనాయిలు గుడ్డతో తుప్పు తుడిచాడు. ముడుచుకున్న తోళ్లు తీసేసి, పల్చటి మేకతోలు కోసి అతికించాడు. తరవాత శ్రుతి. నాలిక కిందికి పల్చటి ఇత్తడి రేకు దూర్చి, దాన్ని కొద్దిగా ఎత్తి పట్టి, సన్నటి ఆకురాయితో గీకేవాడు. కొస గీకితే స్వరం పైకి వెళుతుంది. మొదట్లో గీకితే కిందికి దిగుతుంది. రెండు గీతలు గీసి, ఊది, తల వంచి వినేవాడు.

"గీకింది మళ్లీ అతకదమ్మా. అందుకే ఈ పనిలో తొందర ఉండకూడదు."

ఆమె కిందినాలిక స్వరం అందుకుని అకారంలో నిలబెట్టేది. గొంతు సన్నగా వచ్చినా చెదరకుండా నిలబడేది. ఆ స్వరం పక్కన పైనాలిక వణుకుతూ వచ్చేది, వీర్రాజు చేతిలో కొంచెం కొంచెం దిగేది, వణుకు నెమ్మదించేది, ఒక క్షణాన ఆగిపోయేది. ఆగిపోగానే రెండు గొంతులు ఒక్కటయ్యేవి. అప్పుడు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. వీర్రాజు ఆ రీడుని గుడ్డ మీద పెట్టి ఇంకోటి తీసేవాడు.

ఇంట్లో ఆమె అన్నం సరిగ్గా తినడం లేదు. అత్తగారు ఏడుస్తుంటే పక్కన కూర్చోలేకపోతోంది. ఆ కొట్టులో మాత్రం ఒక్కొక్క స్వరాన్నీ పట్టుకుని కూర్చోగలిగింది. భర్తకి చేసి పెట్టవలసింది ఇదొక్కటి మిగిలింది, చేస్తున్నాను అనుకుంది. వరసలో ఆఖరి రీడు కలిసినప్పుడు వీర్రాజు ఆకురాయి తుడిచి పక్కన పెట్టి, "అయిపోనాది తల్లీ. ఇప్పుడు దీన్ని ఏ సభలోనైనా పెట్టుకోండి" అన్నాడు.

శుక్రవారం ఇంటికి తెచ్చింది. హాల్లో కూర్చుని ఒక బొత్తాం నొక్కి పట్టుకుంది. స్వరం తిన్నగా, శుభ్రంగా వచ్చింది. లోపల మంచం మీంచి చిలకమ్మ అడిగింది.

"ఏటే అమ్మా, కొత్త పెట్టి కొన్నావేటి?"

"మీ అబ్బాయిదే అత్తా. బాగుచేయించాను."

"అలాగా" అంది చిలకమ్మ. అటు తిరిగి పడుకుంది.

శనివారం మధ్యాహ్నం నరసింహమూర్తి గారు ఒక పెద్ద టేపు యంత్రం, ఇద్దరు మనుషులతో జీపులో కొండ దిగి వచ్చారు. సత్యం గొలుసు ముక్క, ఇనప రేకు ముందే ఒడ్డుకి చేర్చాడు. గౌరీశ్వరి తెల్లచీర మీద నూలు శాలువా కప్పుకుని, పెట్టె ఒళ్లో పెట్టుకుని, బోర్లించిన తెప్ప మీద కూర్చుంది. ఆమె ఆ ఒడ్డుకి రావడం అదే మొదలు. అతను పడిపోయిన చోటు ఎక్కడో ఆమె అడగలేదు, ఎవరూ చూపించలేదు.

పాపాయమ్మ చేపల తట్ట నడుముకి ఆన్చుకుని వచ్చింది.

"ఇంతమందిని ఎంటేసుకొచ్చినారేటి సత్యంబాబూ! మీ పెట్టి ఏడుపుకి, మా ముసిలోడి కేకలకి సేపలన్నీ గంగవరం ఎల్లిపోతన్నాయి. రేడియోలో ఏత్తే అక్కడినుంచీ పోతాయి."

"నీ తిట్లు కూడా పడతాయొదినా, జాగర్త. ఊరంతా ఇంటారు" అన్నాడు సత్యం.

"పడనీ. నాకేటి సిగ్గా!" గౌరీశ్వరి వైపు తిరగ్గానే ఆమె గొంతు మారింది. "తల్లీ, ఎండ తగులుతాది. ఈ నీడలో కూకో." తట్ట దించి, ఆమె పక్కనే ఇసకలో చతికిలబడింది.

గురువులు దూరంగా నీళ్ల అంచున నిలబడ్డాడు. గోచీ పైకి బిగించి, వల తాడు భుజం మీద వేసుకున్నాడు. రికార్డింగుకి తాడుతో పని లేదని నరసింహమూర్తి గారు చెప్పినా వదల్లేదు. తాడు పట్టుకోకుండా అతనికి కేక రాదు.

నరసింహమూర్తి గారు చెవులకి యంత్రం తగిలించుకుని చెయ్యి ఊపారు. సత్యం పెట్టె అందుకున్నాడు. పాట గాలితో మొదలైంది. బొత్తాం నొక్కకుండా తిత్తి ఒక్కటే తెరిచి మూశాడు. అది నిద్రపోతున్న మనిషి ఊపిరిలా ఉంది. గౌరీశ్వరి కళ్లు దించుకుంది. తలుపు అవతలనుంచి ఈ ముక్క ఎప్పుడూ వినపడలేదు. సత్యం పాదంతో గొలుసు లాగాడు. రేకు మీద అది గరగరమంది, చప్పుడు కొండకి తగిలి వచ్చింది. ఆ తరవాత అతను ఒక బొత్తాం నొక్కి పట్టాడు.

స్వరం తిన్నగా సాగింది.

సత్యం తన వేళ్ల వైపు చూసుకున్నాడు. వేలు తీసి, మళ్లీ అదే బొత్తాం నొక్కాడు. పక్క బొత్తాం నొక్కాడు. గౌరీశ్వరి వైపు చూడబోయి, చూపు తిప్పుకుని, మొదటి బొత్తానికే వచ్చి తిత్తి సాగదీస్తూ ఉండిపోయాడు.

నీళ్లలో గురువులు తాడు బిగించి, ఒక అడుగు ముందుకి వేసి, ఆగాడు. నోరు తెరిచాడు. మూశాడు. తల పక్కకి వంచి విన్నాడు. తిత్తి చివరికంటా తెరుచుకుపోయి స్వరం ఆగిపోయింది.

మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నారు. మళ్లీ అక్కడికే వచ్చి ఆగిపోయింది. మూడోసారికి గురువులు తాడు కింద పడేసి ఒడ్డు ఎక్కి వచ్చాడు. చెవిలో వేలు పెట్టి గట్టిగా ఆడించుకున్నాడు.

"క్షమించాలి బాబయ్యా. నా సెవులు పాడైపోనాయో ఏటో. నాకు అల ఇనబడ్డం నేదు."

"అలలకేం, బాగానే వినపడుతున్నాయి కదా" అన్నారు నరసింహమూర్తి గారు.

"సముద్రం అల కాదు బాబూ. పెట్టిలో అల. ఆ బొత్తాం నొక్కి పట్టుకుంటే లోపల అల లెగుస్తాది, పడతాది. రమణమూర్తిబాబు సూసుకోమన్నది అదే. అది పడి లెగిసినప్పుడు నాను తాడు మీద సెయ్యేసి కేకెత్తుకుంటాను. ఇప్పుడు గోడలాగుంది. ఎక్కడ ఎత్తుకోవాలో తెల్డం నేదు." పెట్టె వైపు వంగి చూశాడు. "సత్యంబాబూ, ఇది ఆ పెట్టేనా?"

సత్యం తిత్తి మూశాడు.

"అదేటయ్యా, పువ్వు కనబడ్డం నేదా నీకు! అదే పెట్టి" అంది పాపాయమ్మ. "ముసిలితనం ఒప్పుకో."

"అదేనేమో. నా సెవులే" అన్నాడు గురువులు.

గౌరీశ్వరి లేచి సత్యం దగ్గరికి వెళ్లింది. "ఇదివరకు రెండు గొంతులుండేవా? బాగున్నప్పుడు కూడా?"

సత్యం ఇసక వైపు చూస్తూ మాట్లాడాడు. "ఉండాలక్కా. లూయీ దొర పెట్టి అలాగే కట్టించుకున్నాడు. ఆళ్ల కొండల్లో పెట్టెలన్నీ అంతేనంట, ఒక నాలిక కొంచెం పైన. ఎంత పైన అన్నది ఎవడి సెవికి ఆడిదేనంట. బావ దాని మీదే ఈ పాటంతా కట్టినాడు." ఆగాడు. "నీకు తెలుసనుకున్నానక్కా. రోజూ ఇంట్లోనే వాయించీవోడు గదా."

ఆమె తల ఊపింది. వెళ్లి మళ్లీ తెప్ప మీద కూర్చుంది. శాలువా అంచు వేళ్ల మధ్య మడత పెట్టి, విప్పి, మడత పెట్టింది.

నరసింహమూర్తి గారు మంచి మనిషి. వచ్చినందుకు ఏదో ఒకటి దక్కించుకుని వెళ్లాలనుకున్నారు. సత్యం చేత ఆ కొండపాటని గొలుసు లేకుండా, ఆగడాలు లేకుండా తిన్నగా వాయించమన్నారు. సత్యం వాయించాడు. చెవుల యంత్రం తీసి ఆయన ముచ్చటపడ్డారు.

"అమ్మా, పెట్టె ఎవరు శ్రుతి చేశారో గాని అద్భుతంగా ఉంది. ఇది చాలా శ్రావ్యంగా వచ్చింది. ప్రయోగం సంగతి తరవాత చూద్దాం. ముందు దీన్నే వేసుకుందాం, రమణమూర్తి గారి జ్ఞాపకార్థం అని చెప్పి."

"వద్దండి" అంది గౌరీశ్వరి.

"బాగుందమ్మా."

"బాగుంది. ఇది ఆయనది కాదు."

ఆయన ఇంకేదో అనబోయి, ఆమె మొహం చూసి, యంత్రం మూత పెట్టమని మనుషులకి చెప్పారు. "పెట్టె సరయ్యాక కబురు చెయ్యండి. మళ్లీ వస్తాను" అన్నారు.

సోమవారం బడి అయ్యాక పెట్టె తీసుకుని ఆమె వీర్రాజు కొట్టుకి వెళ్లింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. వీర్రాజు చేతిలో పని ఆపి విన్నాడు. కళ్లజోడు తీసి చొక్కా కొసతో చాలాసేపు తుడిచాడు.

"అన్నీ ఒకేలాగ ఉన్నాయని సేతికి తగిలింది" అన్నాడు. "అక్కడ ఆగాల్సింది నాను."

"మీరు ఆగారు. నేను కలిపెయ్యమన్నాను."

అతను కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు.

"ఒక్కటైనా వదిలారా? ముట్టుకోనిది, ఏ మూలదైనా?"

"నేదమ్మా. సగంలో ఒదిలీడం నాకు అలవాటు నేదు."

పెట్టె విప్పాడు. రీడు ఒకటి తీసి వెలుతురుకి పట్టుకున్నాడు. "మల్లీ ఎడం పెట్టొచ్చు. కొస గీకితే పైనాలిక పైకెల్తాది. అయితే ఇప్పటికే మొదలు సన్నబడింది. కొస కూడా తీసేనంటే ఇంక దానికి ఒల్లుండదు. ఒక్కసారే సెయ్యగలను. తప్పిపోతే రెండోసారి గీకడానికి ఇనుముండదు." రీడు బల్ల మీద పెట్టాడు. "ఎంత ఎడమో సెప్పండి. పెట్టేత్తాను."

"ఆ దొరకి రాస్తే?"

"రాసి ఏటి లాభమమ్మా. ఎవడి సెవికి ఆడిదంటన్నారు గదా. ఈ పెట్టిలో ఎంతుందో ఇన్నోలే సెప్పాల." తనే మళ్లీ అడిగాడు. "ఆ సేపలాయన సెప్పలేడా?"

"అడిగాను. వింటే గుర్తుపడతానంటున్నాడు. చెప్పలేనంటున్నాడు. సత్యమూ అంతే."

వినాలంటే ముందు గీకాలి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"మీరు పాడండి తల్లీ" అన్నాడు వీర్రాజు. "మూడేళ్లు ఒకే ఇంట్లో ఇన్నారు. మీకున్న సెవి ఈ ఊళ్లో ఎవరికుంది. కిందిది నాను ఊదుతాను. పైది మీరు అందుకోండి. ఎక్కడుంటాదో అక్కడ నిలబెట్టండి, నాను దాన్నిబట్టి గీకుతాను."

రీడు ఊదాడు. ఆమె నోరు తెరిచి స్వరం అందుకుంది. అది తిన్నగా వెళ్లి కిందినాలిక మీద కూర్చుంది. ఆపేసింది. మళ్లీ ఊదమంది. ఈసారి పైన ఎత్తుకుంది. మరీ పైకి వెళ్లి వేరే స్వరం అయిపోయింది. అక్కడినుంచి కొంచెం కొంచెం దించింది. వణుకు మొదలైంది. ఇదా? ఇంకొంచెం కిందా? ఆలోచించేలోపు గొంతు దానంతట అదే దిగి శ్రుతిలో కలిసిపోయింది. చిన్నప్పటినుంచీ ఆ గొంతుకి నేర్పింది అదే. ఎన్నిసార్లు ఎత్తుకున్నా అక్కడికే వచ్చింది.

తలుపు అవతల ఆ పెట్టె మోగిన సాయంత్రాలు తలచుకోవాలని చూసింది. ఆమెకి తన తంబురా మాత్రమే వినపడింది.

వీర్రాజు చాలాసేపు ఊదాడు. తరవాత రీడు గుడ్డలో చుట్టాడు. "తొందరేం నేదమ్మా. ఇక్కడే ఉంటాది. గుర్తొచ్చినప్పుడు రండి."

ఆమె వెళుతూనే ఉంది. కొన్ని రోజులు బడి నుంచి, సెలవు రోజుల్లో ఇంటి నుంచి. స్టూలు మీద కూర్చుంటుంది. వీర్రాజు వేరే హార్మణీ పని పక్కన పెట్టి, ఆ రీడు తీసి ఊదుతాడు. సత్యానికి పరదీప్ ఆర్డరు వచ్చింది. గురువులు పడవ దిగినప్పుడల్లా కొట్టు దగ్గర ఆగి, "సరయ్యిందా?" అని అడిగి వెళుతున్నాడు. రేడియో వాళ్లకి కబురు పంపలేదు.

పైనాలిక ఎంత ఎడంగా ఉండాలో ఆమె ఇంకా చెప్పలేదు.